నేను స్పందించలేదని రాసి నా ఫిర్యాదు మూసేసినందుకు

తిరుపతి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

నా కంప్యూటర్‌లో ఉన్న మీ కంపెనీ పవర్ సప్లై, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె, పాడైంది. యంత్రమన్నాక పాడవుతుంది, దానికోసం నేనింత ఉత్తరం రాయను. నిన్న మీ దగ్గర్నుంచి వచ్చిన మెసేజ్ చూసి రాస్తున్నాను. ‘కస్టమర్ స్పందించనందున ఫిర్యాదు ముగించడమైనది’ అట. స్పందించనిది నేనా, మీరా?

మొదటిసారి ఫోన్ చేస్తే మీ అమ్మాయి విండోస్ ఏ వెర్షన్ అని అడిగింది. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదమ్మా, ఇంక విండోస్ దాకా ఎక్కడ పోతుంది అన్నాను. మళ్లీ అదే ప్రశ్న. తిలక్ రోడ్డులో మెకానిక్ ఆ సప్లైని బయటికి తీసి, పెద్ద కనెక్టర్‌లో పచ్చ వైరును నల్ల వైరుతో కలిపి చూశాడు. అలా కలిపితే సప్లై ఆన్ కావాలి. షాపులో ఉన్న ఇంకొకటి అయింది, మీది కాలేదు. ఆ వీడియో తీసి పంపాను. తర్వాత మాట్లాడినాయన అది చూడనే లేదు. మీ ఇంట్లో కరెంటు సరిగ్గా ఉందా అని అడిగి, సూపర్‌వైజర్‌కు ఇస్తానని చెప్పి లైన్లో ఉంచాడు. చాలాసేపు పాట వినిపించి కాల్ కట్టయింది.

చెన్నై సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, ఆంధ్రా కస్టమర్లను హైదరాబాద్ వాళ్లు చూస్తారన్నారు. హైదరాబాద్ వాళ్లేమో మీకు చెన్నై దగ్గర కదా, అక్కడికే పంపండి అన్నారు. కొన్న షాపులో అడిగితే కంపెనీతో మాట్లాడుకోమన్నారు. తిరుపతిలో ఉన్నవాడు ఎవరి లెక్కలోకి వస్తాడో మీరే తేల్చి చెప్పండి.

ఈ కంప్యూటర్ భాగాలన్నీ నేనే ఏరుకుని కట్టుకున్నాను. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఎంత కరెంటు లాగుతాయో లెక్కేసి, పైన కొంత వదిలి 650 వాట్లది తీసుకున్నాను. సగం ధరకు వేరేవి దొరికాయి. నాసిరకం సప్లై పోతే ఒక్కోసారి మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోతుందని వద్దనుకున్నాను. 80 ప్లస్ గుర్తు కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుందే గానీ, చెడిపోతే ఎవరు పలుకుతారో చెప్పదు. మీరు పలుకుతారనే నమ్మాను. అయిదేళ్ల వారంటీ చూసి మీకు ఎక్కువ డబ్బిచ్చాను. నా మాట విని మా వీధిలో కుర్రాళ్లు కూడా మీదే కొన్నారు. ఇప్పుడు వాళ్లకు ఏం చెప్పమంటారు?

నేను చేసేది పెళ్లి వీడియోల ఎడిటింగ్. ముహూర్తాల రోజులివి. తిరుచానూరులో తీసిన పెళ్లిళ్లు ఎడిట్ చేయకుండా ఉండిపోయాయి. పెళ్లివాళ్లు అడిగితే ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? కొత్తది పంపుతారో, డబ్బు తిరిగిస్తారో చూడండి. కానీ ముందు, నేను స్పందించలేదని రాసిన ఆ అబద్ధాన్ని మీ రికార్డులోంచి తీసేయండి. ఆ మనిషి ఎవరో, ఎందుకలా రాశాడో నాకు తెలియాలి.

ఈసారి కూడా పట్టించుకోకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కమిషన్‌లో కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. మీ ప్రతి మెయిలూ, కాల్ రికార్డింగులూ దాచి ఉంచాను. మీ మనిషి ఇక్కడికి వచ్చి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

సమాధానం ఫోన్లో వద్దు. సంతకంతో, పేరుతో, రాతపూర్వకంగా పంపండి.

ఇట్లు,
మీ కస్టమర్,
కొర్లగుంట, తిరుపతి