కొంచెం అంటే ఎంత?

అమ్మడూ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన సంగతి నా మనసులోంచి పోవడం లేదు. బ్రిటన్‌లో మీ ఆస్పత్రి వార్డులో ఆ పెద్దాయన ‘ఎ బిట్ అన్‌కంఫర్టబుల్’, కొంచెం ఇబ్బందిగా ఉంది అన్నాడు, నువ్వూ అదే మాట రాసుకున్నావు. తర్వాత సీనియర్ నర్సు వచ్చి చూస్తే ఆయనకి మాట రానంత నొప్పి. "కొంచెం అన్నాడు కదమ్మా, నా ఇంగ్లీషే సరిగ్గా లేదేమో" అని నువ్వు బాధపడ్డావు. నీ ఇంగ్లీషుకేం లోటు లేదు. ఇన్నేళ్ళుగా బళ్ళో ఇంగ్లీషు చెబుతున్నదాన్నిగా ఈ మాట గట్టిగా అంటున్నాను. కాకపోతే పాఠంలో ఉండే ‘కొంచెం’ వేరు, ఆ ఊళ్ళో మనుషులు వాడే ‘కొంచెం’ వేరు. దాని గురించి తీరిగ్గా రాద్దామని కూర్చున్నాను.

పాఠం సంగతి ముందు. లెక్కపెట్టగలిగినవాటికి ‘ఫ్యూ’, లెక్కపెట్టలేనివాటికి ‘లిటిల్’. ముందు ‘ఎ’ ఉంటే ఉన్నదాన్ని చెబుతున్నట్టు, లేకపోతే లేనిదాన్ని చెబుతున్నట్టు. ఆయన్ని చూడటానికి ‘ఎ ఫ్యూ విజిటర్స్’ వచ్చారంటే కొందరు వచ్చారని. ‘ఫ్యూ విజిటర్స్’ అంటే కొందరే వచ్చారని, ఇంకా రావలసినవాళ్ళు రాలేదని. వాళ్ళు మాట ముందు ‘ఎ’ తీసేసి చెప్పేదాన్ని మనం మాట చివర ‘ఏ’ పెట్టి చెబుతాం. కొంచెం అన్నం ఉంది అంటే తిందువుగాని రమ్మని. కొంచెమే ఉంది అంటే సర్దుకోమని. నా క్లాసులో ఈ రెండూ పక్కపక్కన రాసి చూపిస్తే చాలు, పిల్లలు మళ్ళీ తడబడరు.

నీ పనిలో ఇది చిన్న విషయం కాదు. డ్యూటీ మారేటప్పుడు ఒకరు ‘హి హాజ్ ఎ లిటిల్ అపిటైట్’ అన్నారంటే ఆకలి కాస్త తిరిగొచ్చిందని ఊరట. ‘లిటిల్ అపిటైట్’ అన్నారంటే సరిగ్గా తినడం లేదు, కనిపెట్టి ఉండమని. వేగంగా మాట్లాడేటప్పుడు ఆ ‘ఎ’ వినపడీ వినపడకుండా పోతుంది. అనుమానంగా ఉంటే మళ్ళీ అడుగు, నామోషీ ఏమీ లేదు. మామూలు మాటల్లో వాళ్ళు ఉత్త ‘ఫ్యూ’, ఉత్త ‘లిటిల్’ తక్కువగా వాడతారు. ‘నాట్ మెనీ’, ‘నాట్ మచ్’, ‘హార్డ్‌లీ ఎనీ’ అంటారు. ఉత్త ‘ఫ్యూ’ కొంచెం గంభీరమైన మాట. 1940 ఆగస్టు 20న చర్చిల్ పార్లమెంటులో యుద్ధ విమానాల పైలట్ల గురించి మాట్లాడుతూ, ఇంతమంది ఇంత కొద్దిమందికి ఇంతగా రుణపడటం ఎన్నడూ లేదన్నాడు. అక్కడ ఆయన వాడింది ఆ ‘ఫ్యూ’నే. అప్పట్నుంచి ఆ పైలట్లకి ‘ద ఫ్యూ’ అనే పేరే నిలిచిపోయింది. తక్కువమంది అని చెప్పే మాట ఒక బిరుదైంది. నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ అది.

ఇక ‘ఎ బిట్’. వ్యాకరణ పుస్తకంలో దీనికి కొద్దిగా అని అర్థం రాసి ఊరుకుంటారు. బ్రిటన్‌లో, అందులోనూ పాతతరం వాళ్ళ నోట్లో, ఇది కొలత చెప్పే మాట కాదు. తమ కష్టం ఎదుటివాళ్ళ మీద పడకుండా అడ్డుపెట్టే మాట. నలుగురిలో మూలగకూడదు, సాయం చేసేవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు అని పెరిగినవాళ్ళు వాళ్ళు. ‘ఐ డోంట్ వాంట్ టు బి ఎ బాదర్’ అని నీతో ఎంతమంది అనుంటారో. అలాంటి మనిషి ‘ఎ బిట్’ అన్నాడంటే, నొప్పి ఉందని ఒప్పుకున్నాడని మాత్రమే దాని అర్థం. ఎంత ఉందో ఇంకా చెప్పలేదు.

ఈ మాట వల్ల యుద్ధంలో ఏం జరిగిందో చెబుతాను. 1951 ఏప్రిల్‌లో కొరియాలో ఇమ్జిన్ నది దగ్గర బ్రిటిష్ దళం మీద తమకంటే ఎన్నో రెట్లు పెద్దదైన చైనా సైన్యం విరుచుకుపడింది. గ్లాస్టర్‌షైర్ రెజిమెంటు వాళ్ళు ఒక కొండ మీద చిక్కుకుపోయారు. బ్రిగేడియర్ టామ్ బ్రోడీ తన పైనున్న అమెరికా జనరల్‌తో పరిస్థితి ‘ఎ బిట్ స్టికీ’, కొంచెం చిక్కుగా ఉంది అన్నాడని చెబుతారు. ఇంకో బ్రిటిష్ అధికారి వినుంటే గుండె జారిపోయేది. అమెరికా ఆయన మాత్రం కాస్త ఇబ్బందిగా ఉంది కాబోలు, నెట్టుకొస్తారులే అనుకున్నాడట. చివరికి ఆ కొండ మీదివాళ్ళలో తప్పించుకుని బయటపడ్డది కొద్దిమందే. అయిదొందల మందికి పైగా శత్రువుకి బందీలయ్యారు. ఇద్దరిదీ ఇంగ్లీషే, అమ్మడూ. పుట్టినప్పట్నుంచీ ఆ భాషే మాట్లాడినవాళ్ళ మధ్యే ఇలా జరిగిందంటే, ఊరుగాని ఊరెళ్ళి ఏడాది తిరగని నువ్వు నిన్ను నువ్వు తిట్టుకోవడం ఏం న్యాయం?

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. 1982 జూన్ 24న లండన్ నుంచి ఆక్లండ్ వెళ్ళే బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం, దారిలో బొంబాయిలోనూ మన మద్రాసులోనూ ఆగి వెళ్ళినదే, ఇండొనేషియా మీదుగా పోతూ అగ్నిపర్వతం బూడిదలో దూరింది. నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ ఎరిక్ మూడీ మైకులో, మనకి ‘ఎ స్మాల్ ప్రాబ్లమ్’ వచ్చింది, నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి, తిరిగి నడిపించడానికి శాయశక్తులా ప్రయత్నిస్తున్నాం, మీరు మరీ కంగారుపడటం లేదని అనుకుంటున్నాను అన్నాడు. ఇంజన్లు మళ్ళీ అందుకున్నాయి, జకార్తాలో దిగారు, లోపలున్న 263 మందీ క్షేమం. ఆయన ‘స్మాల్’ అన్నా వెనకే నాలుగు ఇంజన్లూ అని లెక్క చెప్పాడు చూడు. ధైర్యమూ ఇచ్చాడు, నిజమూ దాచలేదు. నేను ఆయన్ని మెచ్చుకునేది అందుకే.

నర్సు పని నీకు నేను చెప్పగలిగేది కాదు. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత అని అడుగుతారని నువ్వే చెప్పావు. మాట వైపు నుంచి నేను చెప్పేదల్లా, ‘ఎ బిట్’, ‘ఎ టాడ్’, ‘ఎ టచ్’, ‘నాట్ టూ బ్యాడ్’ ఏది విన్నా వెంటనే ఆ అంకె అడుగు. వాళ్ళ మాట వాళ్ళదిగానే రాసి, పక్కన అంకె వెయ్యి. స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్ళు ‘ఎ వీ బిట్’ అంటే ఇంకా తక్కువనుకోకు. ‘వీ’ అంటే చిన్న అనే, కానీ వాళ్ళు దాన్ని దేనికైనా ఆప్యాయంగా తగిలిస్తారు. ‘క్వైట్ ఎ బిట్’, ‘క్వైట్ ఎ ఫ్యూ’ అన్నారా, అది కొంచెం కానే కాదు, చాలా. కొత్తవాళ్ళెవరైనా పడే చోటు ఇదే. ‘ఎ కపుల్’ కూడా అంతే. ఒకరికి కచ్చితంగా రెండు, ఇంకొకరికి రెండో మూడో. మనం నాలుగు మాటలు చెప్పిపోతానంటే నాలుగే ఉంటాయా? పెద్దావిడ ‘ఎ కపుల్ ఆఫ్ టాబ్లెట్స్’ పొద్దున్నే వేసుకున్నానంటే ఎన్నో, ఏవో అడగాల్సిందే.

మీ వార్డు సిస్టర్, అదే మీ హెడ్ నర్సు, ‘ఎ క్విక్ వర్డ్’ అని పిలిచిందని టెన్షన్ పడ్డావు. ఒక్క మాట అన్నంత మాత్రాన తిట్టడానికే అని కాదు. అందరి ముందూ అనకుండా పక్కకి పిలవడం నీకిచ్చిన మర్యాద. అయితే ‘ఎ ఫ్యూ మైనర్ కామెంట్స్’ అని నీ రిపోర్టు తిరిగొస్తే మాత్రం మొత్తం మళ్ళీ చూసుకో.

ఈ చిన్న మాటల్ని నువ్వూ వాడు, అదీ నేర్చుకోవాల్సిందే. ‘టర్న్ టు యువర్ లెఫ్ట్’ అంటే వాళ్ళ చెవికి ఆజ్ఞలా ఉంటుంది. ‘కుడ్ యు టర్న్ ఎ లిటిల్ టు యువర్ లెఫ్ట్ ఫర్ మి’ అను. గుంటూరు ఆస్పత్రిలో శిక్షణప్పుడు "పెద్దమ్మా, కాస్త ఇటు తిరగండి" అనేదానివి కదా, ఆ ‘కాస్త’ని అక్కడికి తీసుకెళ్ళు. ఆమె ఎంత తిరగాలో అది చెప్పదు. నువ్వు గౌరవిస్తున్నావని చెబుతుంది.

ఆదివారం ఇక్కడ మత్తయి సువార్త అయిదో అధ్యాయం చదివారు. ధర్మశాస్త్రంలో ఒక పొల్లయినా ఒక సున్నయినా తప్పిపోదని ఉంటుందే, అది వాళ్ళ పాత ఇంగ్లీషు బైబిల్లో ‘జాట్’, ‘టిటిల్’. గ్రీకులో అన్నిటికంటే చిన్న అక్షరం ‘ఐయోటా’ నుంచి వచ్చింది ఆ ‘జాట్’. ఇలాంటివి వాళ్ళు లేదని చెప్పడానికే ఎక్కువ వాడతారు, మనం ఇసుమంతైనా, వీసమెత్తైనా అన్నట్టు. ‘నాట్ ఎ షెడ్’ అని వినపడితే అది ‘ష్రెడ్’, పీలిక. ఆధారం పీలికంత కూడా లేదని.

ఇంకో పని పెడుతున్నాను. నీ వార్డులో పెద్దవాళ్ళు నొప్పికి, ఆకలికి, నీరసానికి వాడే ఇలాంటి మాటలు, పక్కన వాళ్ళు చెప్పిన అంకెలు, పేర్లు లేకుండా ఒక చిన్న పుస్తకంలో రాసిపెట్టు. వచ్చేవారం ఫోన్‌లో చదివి వినిపించు. కేరళ నుంచి వచ్చిన ఆ కొత్త అమ్మాయికీ చూపించు, ఇంకో నెలలో తనకీ నైట్ డ్యూటీలు మొదలవుతాయన్నావుగా.

ప్రేమతో,
అమ్మ