క్రీడోత్సవానికి ముందు తల్లిదండ్రులకు ఒక విన్నపం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

డిసెంబరు రెండో శనివారం మన పాఠశాల వార్షిక క్రీడోత్సవం జరుగుతుంది. పోటీల పట్టికను పిల్లల డైరీలలో ఇప్పటికే అతికించాం కనుక దానిని ఇక్కడ మళ్లీ రాయడం లేదు. నిరుడు ఇదే క్రీడోత్సవంలో జరిగిన ఒక సంఘటన ఏడాదిగా నా మనసులో మెదులుతూనే ఉంది. ఆ బాబు తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, పేరు చెప్పకుండా, దాని గురించి మీకు రాస్తున్నాను.

ఆరో తరగతి ఫుట్‌బాల్ మ్యాచ్‌లో విరామం తరువాత జట్లు వైపులు మారాయి. మధ్యగీత దగ్గర బంతి అందుకున్న ఒక బాబు, ఎవరూ అడ్డు రాకపోవడంతో, ఒంటరిగా దూసుకుపోయి నేరుగా తన జట్టు గోల్‌లోకే కొట్టాడు. గోల్ దగ్గర నిలబడిన అతని స్నేహితుడు రెండు చేతులూ ఊపుతూ ‘ఇటు కాదురా, ఇటు కాదు’ అని అరుస్తూనే ఉన్నాడు. ఆ చేతులు ఊపడం తనను హుషారు చేయడానికేనని ఈ బాబు అనుకున్నాడట. బంతి వలలో పడగానే ఎగిరి గంతేసి, తన జట్టు వాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చి ఎత్తుకుంటారని వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ రాలేదు. షామియానా కింద కూర్చున్న పెద్దలందరూ పగలబడి నవ్వుతున్నారు. ఆ నవ్వులో నా నవ్వు కూడా ఉంది.

అక్కడితో ఆగి ఉంటే అది ఒక చిన్న ముచ్చటగా మిగిలిపోయేది. ఆ సాయంత్రానికల్లా ఆ దృశ్యం, వెనుక ఒక సినిమా హాస్య సంభాషణ జోడించుకుని, తరగతి వాట్సాప్ గ్రూపులన్నింటిలో తిరిగింది. దానిని తయారు చేసినవారు కూడా చెడు ఉద్దేశంతో చేసి ఉండరు. కానీ ఆ తరువాత మూడు వారాల పాటు ఆ బాబు గేమ్స్ పీరియడ్ రాగానే కడుపు నొప్పి అని చెప్పి, బూట్లు కూడా వేసుకోకుండా, మెట్ల మీద కూర్చున్నాడు.

అతనిని మళ్లీ మైదానంలోకి తెచ్చింది మా వ్యాయామ ఉపాధ్యాయులు. ఆయన బుజ్జగించలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. పక్కన కూర్చుని జిమ్ మార్షల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి కథ చెప్పారు. ఆ ఆటలో బంతిని చేత్తో పట్టుకుని ప్రత్యర్థి గీత దాటించాలి. 1964 అక్టోబరు 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన మ్యాచ్‌లో మార్షల్ ప్రత్యర్థి జారవిడిచిన బంతిని అందుకుని 66 గజాలు పరుగెత్తాడు, కానీ తన సొంత గీత వైపు. పాయింట్లు సాధించాననుకుని బంతిని బయటకు విసిరేశాడు. దానితో ప్రత్యర్థికి రెండు పాయింట్లు దక్కాయి, వాళ్ల ఆటగాడొకడు వచ్చి అతనికి కృతజ్ఞతలు చెప్పాడు. ఇది పసిపిల్లవాడు చేసిన పొరపాటు కాదు, ఆట ఆడి జీతం తీసుకునే, దేశంలోని అత్యుత్తమ ఆటగాళ్లలో ఒకడు చేసినది. ఆ మ్యాచ్‌ను అతని జట్టు మిన్నెసోటా వైకింగ్స్ 27–22తో గెలిచింది. అంతకు 35 ఏళ్ల ముందు, 1929లో, కళాశాల స్థాయిలో ఇదే తప్పు చేసిన రాయ్ రీగెల్స్ మార్షల్‌కు స్నేహపూర్వకంగా ఉత్తరం రాశాడు. మార్షల్ 1979 దాకా ఆడాడు, మొత్తం 282 మ్యాచ్‌లు ఒక్కటి కూడా మానకుండా. ఈ అంకె విన్నాకే మన బాబు తలెత్తి, ‘మరి ఆయన మళ్లీ ఎప్పుడైనా అలా పరిగెత్తాడా సార్?’ అని అడిగాడట. మరుసటి వారం బూట్లు వేసుకుని వచ్చాడు.

ఈ మాట విన్న రోజు నుంచి నేను కూడా ఇటువంటి సంఘటనలను శ్రద్ధగా గమనించడం మొదలుపెట్టాను. వెతకడానికి దూరం వెళ్లనవసరం లేదు. 2018 అక్టోబరు 24న మన విశాఖలోని మధురవాడ స్టేడియంలో భారత్, వెస్టిండీస్ జట్ల మధ్య జరిగిన వన్డేకు మీలో చాలామంది పిల్లలతో కలిసి వెళ్లి ఉంటారు. విరాట్ కోహ్లి వన్డేలలో పదివేల పరుగులు పూర్తి చేసినది ఆ రోజే. అజేయంగా 157 పరుగులు చేశాడు. అదే ఇన్నింగ్స్‌లో రెండో పరుగు కోసం వెనుదిరిగేటప్పుడు బ్యాటు క్రీజు దాటకపోవడంతో అంపైర్ ఒక పరుగు తగ్గించారు. అప్పటికి అది ఎవరికీ పట్టలేదు. చివరి బంతికి వెస్టిండీస్‌కు ఐదు పరుగులు కావలసి ఉండగా షై హోప్ నాలుగు కొట్టాడు, రెండు జట్లూ 321 దగ్గర ఆగి మ్యాచ్ టై అయింది. 157 పరుగుల గొప్పతనాన్ని ఆ తగ్గిన ఒక్క పరుగు చెరిపివేయలేదు. పిల్లల మార్కుల జాబితాలో పోయిన ఒక్క మార్కును మాత్రమే చూసే అలవాటు మనకు ఉంది కనుక ఈ ఉదాహరణను ఇక్కడ రాశాను.

ఎదుటివాడి తడబాటును ఏం చేసుకోవాలో మనకు చూపిన సంఘటన 2011 జూలై 31న ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో, భారత్, ఇంగ్లండ్ జట్ల మధ్య టెస్టులో జరిగింది. టీ విరామానికి ముందు చివరి బంతికి తన జోడీ కొట్టిన షాట్ బౌండరీ దాటిందని భావించి, ఇంగ్లండ్ బ్యాటర్ ఇయాన్ బెల్ 137 పరుగుల వద్ద క్రీజు వదిలి పెవిలియన్ వైపు నడిచాడు. బంతి గీత దాటలేదు. మనవాళ్లు బంతిని వికెట్ల దగ్గరకు చేర్చి బెయిల్స్ పడగొట్టారు, నిబంధన ప్రకారం అతను రనౌట్. ఆ మ్యాచ్‌లో మన పరిస్థితి ఏమీ బాగోలేదు, ఆ వికెట్ ఎంతో అవసరం. అయినా విరామ సమయంలో ఇంగ్లండ్ సారథి, శిక్షకుడు వచ్చి కోరినప్పుడు ధోనీ తన జట్టుతో మాట్లాడి అప్పీలును వెనక్కి తీసుకున్నాడు. బెల్ మళ్లీ వచ్చి 159 దాకా ఆడాడు. మనం ఆ టెస్టును 319 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ నిర్ణయానికి తరువాత అంతర్జాతీయ క్రికెట్ మండలి ధోనీకి క్రీడాస్ఫూర్తి పురస్కారం ఇచ్చింది. పురస్కారం సంగతి అలా ఉంచితే, విరామం అయ్యాక ప్యాడ్లు కట్టుకుని తిరిగి మెట్లు దిగి వస్తున్న బెల్‌ను, అంతకు ముందు ఈలలు వేసి భారత జట్టును ఎగతాళి చేసిన ప్రేక్షకులే చప్పట్లు కొట్టడాన్ని, వీలైతే మీ పిల్లలకు ఒకసారి చూపించండి.

ఇక మన జ్యోతి గురించి. విశాఖపట్నంలోనే పుట్టి, ఇక్కడి మైదానాలలోనే పరుగు నేర్చుకున్న జ్యోతి యర్రాజీ 2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్‌కు నిలబడింది. తుపాకీ పేలకముందే పక్క లేనులోని చైనా క్రీడాకారిణి వూ యాన్నీ కదిలింది. ఆమె కదలికను చూసి జ్యోతి కూడా అసంకల్పితంగా ముందుకు వచ్చింది. అధికారులు తొలుత ఇద్దరినీ తప్పించారు. ఒక్కసారి ఆ అమ్మాయి స్థానంలో మన పిల్లను ఊహించుకోండి. పరాయి దేశం, ఆతిథ్య దేశపు ప్రేక్షకులతో నిండిన స్టేడియం, ఏళ్ల తరబడి చేసిన సాధన ఒక ఎర్ర కార్డుతో ముగిసిపోతున్న క్షణం. జ్యోతి ఏడుస్తూ వెళ్లిపోలేదు. నోరు పారేసుకోలేదు. ముందు కదిలింది తాను కాదని అధికారులకు చెప్పి, రీప్లే చూడమని పట్టుబట్టింది. చివరకు ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. ఆ కలతతోనే మళ్లీ గీత దగ్గర చేతులు ఆనించి, 12.91 సెకన్లలో పరుగు పూర్తి చేసి మూడో స్థానంలో నిలిచింది. రెండో స్థానంలో వచ్చిన వూను ఆ తరువాత అనర్హురాలిగా ప్రకటించడంతో జ్యోతి కాంస్యం రజతంగా మారింది. నియమం తెలిసి ఉండటం, దానిని గట్టిగానే అయినా మర్యాదతో చెప్పగలగడం, చెప్పిన వెంటనే మళ్లీ ఆటలో మనసు పెట్టగలగడం, ఈ మూడూ ఒకే పావుగంటలో చేయవలసి వచ్చింది ఆమెకు. మా బాలికలకు హర్డిల్స్ నేర్పే ప్రతిసారీ ఆ పరుగు కన్నా దాని ముందు గడిచిన నిమిషాలనే ఎక్కువగా చెప్పమని మా ఉపాధ్యాయులను కోరాను.

అన్ని వింతలూ ఒక కోవలోవి కావు. 2006 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్‌లో ఫ్రాన్స్ సారథి జిదాన్ ప్రత్యర్థి గుండెల మీద తలతో పొడవడం, 2014 ప్రపంచ కప్‌లో ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ ప్రత్యర్థి భుజం కొరకడం వంటి దృశ్యాలను మన పిల్లలు ఫోన్లలో పదే పదే చూసి, గేమ్స్ పీరియడ్‌లో అనుకరించడం నేను గమనించాను. వాటిని చూపించినప్పుడు, జిదాన్ ఎర్ర కార్డుతో కప్పు పక్కనుంచే నడిచి వెళ్లడాన్ని, సువారెజ్‌పై తొమ్మిది అంతర్జాతీయ మ్యాచ్‌ల నిషేధం పడటాన్ని కూడా చెప్పవలసిందిగా మనవి.

ఈ ఏడాది క్రీడోత్సవంలో రెండు మార్పులు చేస్తున్నాం. విరామం తరువాత వైపులు మారినప్పుడు ప్రతి జట్టూ వరుసగా నిలబడి, తాము ఏ గోల్ వైపు ఆడాలో చేయి చాపి చూపించాకే ఈల వేస్తారు. ఈ ఆలోచన నిరుటి ఆ బాబుదే. అతను ఈసారి ఏడో తరగతి జట్టులో ఆడుతున్నాడు. రెండవది మీకు సంబంధించినది. మీ పిల్లల పరుగును, ఆటను మీరు ఫోటోలు, వీడియోలు తీసుకోవచ్చు. ఇతరుల పిల్లలు పడిపోయిన, తడబడిన, ఏడ్చిన దృశ్యాలను మాత్రం దయచేసి ఏ గ్రూపులోనూ పెట్టవద్దు. ఎవరైనా పంపితే ముందుకు పంపకుండా, వారికి విడిగా ఫోన్ చేసి తీసివేయమని చెప్పండి. మేము కూడా పాఠశాల తరఫున అటువంటి దృశ్యాలను వాడము. గీతకు ఇవతలి నుంచి ‘అలా కాదు, ఇలా కొట్టు’ అని సూచనలు అరవడాన్ని సైతం మానుకోవలసిందిగా కోరుతున్నాను, ఎందుకంటే ఆ అరుపులలో పిల్లలకు తమ ఉపాధ్యాయుల మాట వినబడదు.

ఎండ ముదరకముందే పోటీలు పూర్తి కావాలి కనుక పిల్లలు ఉదయం ఏడు గంటలకు మైదానంలో ఉండాలి. టోపీ, నీళ్ల సీసా, మార్చుకోవడానికి ఒక జత మేజోళ్లు పంపండి. షామియానా ఈసారి గోల్‌కు ఎదురుగా కాకుండా పక్కవాటుగా వేయిస్తున్నాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు,
విశాఖపట్నం