కొత్తగా బౌద్ధం మొదలుపెట్టేవాళ్లకి

అందరికీ నమస్తే. ఈ వారం ముగ్గురు నలుగురు విడిగా మెసేజ్ పెట్టి ఒకటే అడిగారు, బౌద్ధంలోని మూడు ప్రధాన శాఖల్లో, థేరవాదమా, మహాయానమా, వజ్రయానమా, ఏది పట్టుకోవాలని. మొదటి రోజే ఆ టెన్షన్ ఎందుకండీ? నాలుగు ఆర్యసత్యాలు (దుఃఖం, దాని కారణం, దాని అంతం, అంతానికి దారి), ఆ దారే అయిన అష్టాంగ మార్గం, పంచశీల (ఐదు నియమాలు) మూడింటిలోనూ ఉన్నవే, ముందు వాటితో కొన్నాళ్లు గడపండి. చదవడానికి బుద్ధుడి బోధల చిన్న సంకలనం ధమ్మపదం చాలు, మొత్తం 423 గాథలు, రోజుకు రెండు చదివినా ఏడు నెలల్లో అయిపోతుంది. నేనైతే శూన్యత (దేనికీ సొంతంగా నిలిచే ఉనికి లేదనే మహాయాన భావన) మీద లావుపాటి పుస్తకాలు ముందేసుకుని ఏడాది పాడుచేసుకున్నా, ఒక్క పూట కుదురుగా ధ్యానానికి కూర్చున్నది లేదు.

కూర్చోవడం పెద్ద తతంగమేం కాదు. పది నిమిషాలు శ్వాస వస్తోంది, పోతోంది అని గమనించడమే, మనసు పారిపోతుంది, మళ్లీ తెచ్చుకోవాలి, అంతే పని.

తర్వాత మీకే తెలుస్తుంది. పాళీ సుత్తాలు (పాళీ భాషలో ఉన్న బుద్ధుడి ప్రసంగాలు), విపస్సన (ఉన్నదాన్ని ఉన్నట్టు గమనించే ధ్యానం) నచ్చితే థేరవాదం, అందరి విముక్తి కోసం పాటుపడే బోధిసత్వ ఆదర్శం లాగితే మహాయానం (జెన్ కూడా అందులోదే). వజ్రయానానికి మాత్రం దీక్ష ఇచ్చే గురువు కావాలి, దయచేసి వీడియోలు చూసి మంత్రాలు మొదలెట్టకండి.

గురువు చెప్పాడని కూడా గుడ్డిగా నమ్మొద్దని బుద్ధుడే కాలాములు అనే ప్రజలకు చెప్పాడు, కాబట్టి ప్రశ్న అడిగితే చిరాకుపడేవాళ్ల దగ్గర ఆగకండి. మతం మారాలా అని అడిగినవాళ్లకి: ధ్యానానికి అక్కర్లేదు, త్రిశరణం (బుద్ధుణ్ణి, ధర్మాన్ని, సంఘాన్ని శరణు కోరడం) సంగతి మీకు మనసైనప్పుడు చూసుకోవచ్చు.