మింగడం గుర్తుచేసే పట్టీ మనకూ కావాలి

పార్కిన్సన్స్ రోగుల చేతుల వణుకు అందరికీ కనిపిస్తోంది, మింగలేక వాళ్లు పడే అవస్థ మాత్రం ఎవరికీ పట్టడం లేదు. మా నాన్నగారికి ఈ జబ్బు వచ్చి 9 ఏళ్లు. భుజాన తువ్వాలు లేనిదే అరుగు మీదికి కూడా రారు. చొంగ కారుతుందని పెళ్లిళ్లకు వెళ్లడమే మానేశారు. లాలాజలం ఎక్కువై కాదు, గుటక వేయడం తగ్గిపోయి అలా కారుతుందని మాకు ఇన్నాళ్లకు గానీ తెలియలేదు. నిరుడు కాఫీ పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయి, న్యుమోనియాతో 11 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. అంతకుముందు ఏ డాక్టరూ ‘మింగుడు పడుతోందా?’ అని అడిగిన పాపాన పోలేదు. బ్రిటన్‌లో న్యూకాజిల్, నార్తంబ్రియా విశ్వవిద్యాలయాల వారు ఈ చొంగ కారడం తగ్గించడానికి క్యూబ్యాండ్ అనే చేతిపట్టీ తయారుచేశారు. ఉండుండి మణికట్టు దగ్గర అదురుతుంది, మనిషికి గుర్తొచ్చి గుటక వేస్తాడు, అంతే. అది చూసి మా అబ్బాయి మామూలు స్మార్ట్‌వాచీలో వైబ్రేషన్ అలారాలు పెట్టాడు. తువ్వాలు తడవడం తగ్గింది, చీమ పాకినట్టుందని నాన్నగారు విసుక్కుంటున్నా. పట్టీతో జబ్బు నయం కాదు, పొలమారడం ఆగదు. దానికి, మాటతో పాటు మింగే ఇబ్బందులూ చూసే స్పీచ్ థెరపిస్టే దిక్కు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను వైకల్యంగా గుర్తించింది కనుక, కేంద్రం ఎడిప్ పథకం కింద ఇచ్చే ఉపకరణాల్లో ఇలాంటి పట్టీలనూ చేర్చాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో మింగుడు పరీక్షించే స్పీచ్ థెరపిస్టును వారానికి ఒక్కరోజైనా కూర్చోబెట్టాలి.

– ఒక పాఠకుడు, తణుకు