తరగతి గది తలుపు మా కొండలకూ తెరవండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

మా చింతపల్లి వైపు కొండ ఊళ్లలో డిగ్రీ అయిన పిల్లలు పీజీ చదవాలంటే విశాఖపట్నమో, మరో పట్టణమో వెళ్లాలి. హాస్టల్ ఖర్చు భరించలేక మా అమ్మాయి ఆగిపోయింది. పగలు కుట్టుపని చేసుకుంటూ, రాత్రి ఫోన్‌లో ఎన్‌పీటెల్ (ఐఐటీలు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టే) పాఠాలు వింటోంది. ఐఐటీ అధ్యాపకుల పాఠం మా ఇంటి అరుగు మీద వినపడుతుంటే నాకెంత సంతోషమో చెప్పలేను. కానీ సందేహం వస్తే అడగడానికి అటువైపు మనిషి లేడు. ఒక్క లెక్క దగ్గర వారం రోజులు ఆగిపోయిన సందర్భం ఉంది.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ 'స్వయం' 2017లో వచ్చింది. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులు అందులో చదివి, డిగ్రీకి లెక్కయ్యే క్రెడిట్లు పొందవచ్చు. అయితే ఆ వీలు ఇప్పటికే కాలేజీలో చేరినవాళ్లకే. బయట ఉండిపోయినవాళ్ల సంగతేమిటి?

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది. ఆ రోజుల్లోనే అచ్చు పాఠాలు, రేడియో ప్రసంగాలు ఇంటికి చేరాయి. ఇప్పుడు మన విశ్వవిద్యాలయాలు తరగతి గదిలో ఒక కెమెరా, మంచి మైకు పెట్టి దూరాన ఉన్నవాళ్లనూ ఆన్‌లైన్‌లో ప్రత్యక్షంగా పాఠం దగ్గర కూర్చోబెట్టాలి. వారానికి ఒక గంట తెలుగులో సందేహాలు తీర్చాలి. మా దగ్గర సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి కాబట్టి, పాఠాన్ని ఆడియోగా డౌన్‌లోడ్ చేసుకునే వీలూ ఇవ్వాలి. పరీక్షా కేంద్రం మండలంలోనే పెట్టమని ఉన్నత విద్యామండలిని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి,
చింతపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లా