మగ తిలాపియా పిల్లలు: పద్ధతి ఏదో రైతుకు చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో తిలాపియా చేపలు పెంచాలనుకునే రైతులకు అన్నీ మగ పిల్లలేనన్న హామీతో సీడ్ (చేపపిల్లలు) అమ్ముతున్నారు. కానీ వాటిని మగవిగా ఎలా చేశారో, ఎవరు పరీక్షించారో నేను చూసిన బిల్లుల్లో ఎక్కడా లేదు.

బొచ్చె, శీలావతి మామూలుగా చెరువులో గుడ్లు పెట్టవు. తిలాపియా కొద్ది నెలలకే ఈడుకు వచ్చి చెరువులోనే పిల్లలు చేస్తుంది, పైగా గుడ్లను నోట్లో పొదిగే తల్లి ఆ రోజుల్లో దాదాపు మేత మానేస్తుంది. పదివేల పిల్లల్లో నూటికి అయిదు ఆడవి ఉన్నా అవి అయిదు వందలు. ఒక్కొక్కటీ ఒక ఈతకు వందల పిల్లల్ని వదిలితే, రైతు కొన్న మేతంతా అమ్ముడుపోని చిన్న చేపల పాలవుతుంది.

నైలు తిలాపియాలో ఆడదానికి ఎక్స్‌ఎక్స్, మగదానికి ఎక్స్‌వై క్రోమోజోములు ఉంటాయి. అయితే పిల్లలో ఆరోమటేజ్ అనే ఎంజైమ్ మగ హార్మోన్‌ను ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మారుస్తుంటే అండాశయం, ఆ పని అణగిపోతే వృషణం ఏర్పడతాయి గనుక, మేత అందుకున్న తొలి మూడు నాలుగు వారాలు కిలో మేతలో సుమారు 60 మిల్లీగ్రాముల మగ హార్మోన్ మిథైల్‌టెస్టోస్టిరాన్ కలిపి పెడితే ఎక్స్‌ఎక్స్ పిల్ల కూడా మగదవుతుంది. ఆ తొలి రోజుల్లో 36 డిగ్రీల నీటి వేడి కూడా కొన్నిటిని అలాగే మారుస్తుంది. దీన్ని జన్యుమార్పిడి చేప అని భయపడటం పొరపాటు, ఎందుకంటే దాని క్రోమోజోములు మారవు.

మారకపోవడమే రైతు తెలుసుకోవలసిన సంగతి. అలాంటి ఎక్స్‌ఎక్స్ మగచేపను తల్లి చేపల చెరువులో వదిలి సొంతంగా సీడ్ తీయబోతే దాని సంతానం దాదాపు అంతా ఆడదే అవుతుంది. మరో పద్ధతిలో, ఈస్ట్రోజెన్‌తో ఆడదిగా మార్చిన ఎక్స్‌వై చేపను మామూలు మగదానితో కలిపితే పుట్టేవాటిలో నాలుగో వంతు వైవై మగవి. వాటిని మామూలు ఆడవాటితో కలిపినప్పుడు పుట్టేవన్నీ ఎక్స్‌వై, అంటే అమ్మే పిల్లకు హార్మోన్ తినిపించే అవసరమే లేదు. నా దృష్టిలో ప్రోత్సహించవలసింది ఈ పద్ధతినే, కాకపోతే దానికి తరాల తరబడి ఓపిక కావాలి.

కాబట్టి మత్స్యశాఖ అధికారులు ప్రతి సీడ్ బిల్లు మీద పద్ధతినీ, పరీక్షించిన పిల్లల సంఖ్యనూ, అందులో తేలిన మగవాటి శాతాన్నీ రాయించాలి. పరీక్ష ఖరీదైనది కాదు: కొన్ని పిల్లల బీజకోశాన్ని (అండాశయమో వృషణమో తేల్చడానికి) ఎసిటోకార్మిన్ రంగు వేసి నలిపి మైక్రోస్కోపు కింద చూస్తే చాలు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగం ఈ సేవను రైతులకు అందించాలని కోరుతున్నాను. హార్మోన్ మేత వాడే హేచరీల (చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాల) నీటిని ఊరి చెరువులలోకి, కాలువలలోకి వదలకుండా చూడటం కూడా ఆ అధికారుల బాధ్యతే.

- ఒక చేపల రైతు, శ్రీకాళహస్తి