భుజం స్కానింగులో ఎర్ర చుక్కలు

సంపాదకులకు,

భుజం నొప్పికి అల్ట్రాసౌండ్ తీయించుకున్నవారు రిపోర్టులో ‘నియోవాస్కులారిటీ’ అన్న మాట చూసి రక్తం గడ్డకట్టిందనో, గడ్డ లేచిందనో హడలిపోతారు. రెండూ కావు. చెయ్యి పైకెత్తే సుప్రాస్పైనాటస్ కండరాన్ని ఎముకకు కట్టే టెండన్ దెబ్బతిన్నప్పుడు సన్నని కొత్త రక్తనాళాలు అందులోకి పాకుతాయి, ఆ మాటకు అర్థం అదే. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కానింగులో అవి ఎర్ర చుక్కలుగా కనిపిస్తాయి. ఆ నాళాల వెంట నరాల పోగులూ వస్తాయి, నొప్పికి మూలం అదేనన్న వాదన స్వీడన్‌లో మడమ టెండన్ల పరిశోధనతో బలపడింది. కాలి సిరల ఉబ్బుకు వాడే పోలిడోకనాల్ సూదిని, ఈ కొత్త నాళాలను మూయడానికి, 2006 నాటికి భుజంలోనూ ప్రయత్నించారు.

అయితే భుజం అంత తేలిగ్గా లొంగలేదు. 2009లో బ్రిటన్‌లో ఒకవైపే నొప్పి ఉన్న 20 మందికి రెండు భుజాలూ చూశారు. నొప్పి ఉన్నవైపు 13 మందిలో, ఏ నొప్పీ లేనివైపు అయిదుగురిలో ఈ నాళాలు కనిపించాయి.

స్కానింగు తీసే పద్ధతిని బట్టీ ఫలితం మారిపోతుంది. ఒంటిపై ఆనించే పరికరాన్ని (ప్రోబును) కాస్త గట్టిగా అదిమితే చాలు, నాళాలు మూసుకుపోతాయి. చెయ్యి వెనక జేబు మీద పెట్టించడం టెండన్‌లో చిరుగులు వెతకడానికి మంచిదే, కానీ టెండన్ బిగుసుకుని డాప్లర్‌లో రక్తప్రవాహం కనబడదు. డాప్లర్‌కు చెయ్యి ఒడిలో వదులుగా ఉంచి, జెల్ మందంగా వేయాలి. మెల్లని ప్రవాహమూ అందేలా పీఆర్ఎఫ్ (యంత్రం సెకనుకు పంపే ధ్వని తరంగాల సంఖ్య), వాల్ ఫిల్టర్ (నెమ్మది కదలికలను వడకట్టే జల్లెడ) తక్కువలో పెట్టాలి. గెయిన్‌ను (తెరపై సంకేతాన్ని పెంచే మీటను) తెరంతా చుక్కలు పొంగేదాకా పెంచి, అవి మాయమయ్యేచోటికి దించాలి. అంతకు మించి ఉంచితే లేని నాళాలు పుట్టుకొస్తాయి! రోగి కదిలినా అంతే. నిజమైన నాళం నాడి కొట్టుకోవడంతోపాటు అదే చోట మినుకుమంటుంది.

చుక్క టెండన్ లోపలుందా, పైనున్న ద్రవపు సంచి (బర్సా)లోనా అన్నది రిపోర్టులో రాయకపోతే ఆ మాటకు విలువ లేదు. భుజం బిగుసుకుపోయిన షుగరు రోగుల్లో కీలు ముందు పొరలోనూ రక్తప్రవాహం పెరగొచ్చు, అది వేరే జబ్బు. టెండన్‌లో సున్నం పేరుకున్నవారి సంగతి మాత్రం కొంత వేరు. సున్నం కరిగే దశలో నొప్పీ, డాప్లర్ మెరుపూ కలిసే కనిపించడం మామూలు, కాబట్టి అక్కడ ఈ పరీక్ష అక్కరకొస్తుంది.

మిగతావారు రెండో భుజం కూడా చూశారా, చెయ్యి ఎక్కడ పెట్టించారు అని అడగాలి. చుక్కలున్నాయన్న ఒక్క కారణంతో సూదికి ఒప్పుకోనక్కర్లేదు. ఫిజియోథెరపిస్టు దగ్గర బరువు మెల్లగా పెంచుతూ సుమారు 12 వారాలు వ్యాయామం చేసి, చెయ్యి ఎంతవరకు లేస్తోందో, రాత్రి నిద్ర పడుతోందో చూసుకోవాలి. చుక్కలు పోయాయా లేదా అని మళ్లీ స్కానింగుకు డబ్బు పోయడం దండగ.

– ఒక రేడియాలజిస్టు, విజయవాడ